పెట్టె మీద రాసిన 525 పవర్ గురించి

చి॥ అన్వితకు, చి॥ కార్తీక్‌కు,

తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. కోనసీమలో ఇంకా వానలు తగ్గలేదు, పెరట్లో బురద అలాగే ఉంది.

ఇద్దరూ దాచుకున్న డబ్బుతో టెలిస్కోప్ కొనుక్కుంటామన్నారు, ఫోటో కూడా పంపారు. పెట్టె మీద శనిగ్రహం, పక్కన ఎర్రగా నీలంగా నెబ్యులా (నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మేఘం), దాని మీద ఇంత లావు అక్షరాలతో ‘525 పవర్’. ఆలోచించి చెప్తానన్నాను కదా. ఇది ఫోన్లో తేలే విషయం కాదని కాగితం తీశాను.

ముందు ఆ 525 సంగతి చూద్దాం. కార్తీక్, నువ్వు లెక్కలు బాగా చేస్తావుగా, కాగితం మీద వేసుకో. ఆ టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్, అంటే లోపలి అద్దం నుంచి వెలుగు ఒకచోట కలిసే దూరం, 700 మిల్లీమీటర్లని కింద చిన్న అక్షరాల్లో ఉంది. కన్ను ఆనించే చోట పెట్టే చిన్న లెన్స్‌ని ఐపీస్ అంటారు. 4 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే, 700ని 4తో భాగిస్తే 175 రెట్లు. మధ్యలో మూడు రెట్లు చేసే బార్లో లెన్స్ దూరిస్తే 525. లెక్కలో తప్పు లేదు. కానీ ఆ గొట్టం మూతి వెడల్పు 76 మిల్లీమీటర్లే. అద్దం బాగుండి, ఆకాశం కూడా బాగుంటే మిల్లీమీటరుకు రెండు రెట్ల చొప్పున, అంటే 150 దాకా పనికొస్తుంది. ఆ పైన బొమ్మ పెద్దదవుతుంది గానీ అందులో కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు. గురుగ్రహం బదులు వణికే మసక ముద్ద ఒకటి కనిపిస్తుంది. నాలుగు రోజులకి ఆ టెలిస్కోప్ అటక ఎక్కుతుంది.

బొమ్మని పెద్దది చేయడం చవకైన పని. కష్టమైన పని వెలుగుని పోగుచేయడం. వానలో గ్లాసు పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, గంగాళం పెడితే ఎన్ని పడతాయి? టెలిస్కోప్ మూతి కూడా అంతే, దాన్నే అపర్చర్ అంటారు. చీకట్లో మన కంటిపాప మహా అయితే 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, వయసొచ్చినవాళ్లకి అంత కూడా తెరుచుకోదు. వెడల్పు రెండింతలైతే వెలుగు నాలుగింతలు. ఈ లెక్కన 130 మిల్లీమీటర్ల అద్దం మీరు పంపిన ఆ 76 కన్నా దాదాపు మూడింతల వెలుగు తెస్తుంది. కాబట్టి కొట్లో అడగాల్సిన మొదటి ప్రశ్న ‘పవర్ ఎంత’ అని కాదు, ‘అద్దం ఎంత’ అని.

రెండో ప్రశ్న స్టాండ్ గురించి. మీరు పంపిన ఫోటోలో మూడు సన్నటి అల్యూమినియం కాళ్లున్నాయి చూడండి. ఫోకస్ చేద్దామని వేలు పెడితే చాలు, గొట్టమంతా ఊగుతుంది, ఆ ఊపు ఆగేదాకా చూడ్డానికి ఏమీ ఉండదు. మంచి అద్దాన్ని చెడ్డ స్టాండ్ మీద పెట్టడం కన్నా మామూలు అద్దాన్ని గట్టి స్టాండ్ మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఈ స్టాండ్ గొడవని తేల్చినాయన ఒక సన్యాసి అంటే నమ్ముతారా? పేరు జాన్ డాబ్సన్. 1915లో బీజింగ్‌లో పుట్టి, అమెరికాలో పెరిగి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత ఆశ్రమంలో చేరాడు. మన రామకృష్ణ సంప్రదాయం వాళ్లదే ఆ ఆశ్రమం. అక్కడ ఉంటూనే, చేతిలో డబ్బు లేక, ఓడల కిటికీలకు బిగించే పాత మందపాటి గాజుని అరగదీసి అద్దాలు చేసుకునేవాడు. గొట్టానికి అట్ట, స్టాండ్‌కి చెక్క. తోపుడుబండి మీది ఫిరంగిలాగా పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరిగే ఒక చెక్కపెట్టె, అంతే. ఆ టెలిస్కోపుల యావలో పడి ఆశ్రమం పనులకి సరిగ్గా ఉండడం లేదని 1967లో ఆయన్ని బయటికి పంపేశారు. ఆ మరుసటేడాది నుంచి మిత్రులతో కలిసి రోడ్డు పక్కన టెలిస్కోప్ పెట్టి, దారినపోయే వాళ్లందరినీ పిలిచి చంద్రుణ్ణి చూపించాడు. ఆ చెక్కపెట్టె స్టాండ్‌నే ఇవాళ ప్రపంచమంతా డాబ్సోనియన్ అంటోంది. చవక, గట్టిది, పదేళ్ల పిల్లాడు కూడా తిప్పగలడు.

మీకు నేను చెప్పేది కూడా అదే. 130 మిల్లీమీటర్ల అద్దం, 650 ఫోకల్ లెంగ్త్ ఉన్న టేబుల్‌టాప్ డాబ్సోనియన్ కొనండి. చంకలో పెట్టుకుని లిఫ్ట్‌లో మేడ మీదికి తీసుకుపోవచ్చు. ఆరంగుళాలదో ఎనిమిదంగుళాలదో ఇంకా బాగా చూపిస్తుంది, నిజమే. కానీ మామూలుగా అది నాలుగడుగుల పొడవు, బరువు. రాత్రి పది దాటాక హోంవర్క్ ముగించుకుని మోసుకెళ్లేది ఏదో అదే కొనాలి. కింద పెట్టడానికి ప్లాస్టిక్ టేబుల్ వాడొద్దు. వంటింట్లో అమ్మ ఎక్కే చెక్క స్టూల్ అడగండి. పిట్టగోడ మీద అసలే పెట్టొద్దు. అంత డబ్బు ఇప్పుడే కుదరకపోతే 10x50 బైనాక్యులర్ తీసుకోండి, పది వేల లోపే మంచిది వస్తుంది. కృత్తికలు దాంట్లో కనిపించినంత ముద్దుగా టెలిస్కోప్‌లో కూడా కనిపించవు.

కొట్టువాడు ‘ఈక్వటోరియల్ మౌంట్ తీసుకోండి, ప్రొఫెషనల్‌గా ఉంటుంది’ అనొచ్చు. ఆకాశం తిరిగే తీరునే తిరిగే స్టాండ్ అది. దాని ఇరుసుని ధ్రువనక్షత్రం వైపు సరిగ్గా తిప్పి పెట్టాలి. ధ్రువనక్షత్రం ఎంత ఎత్తులో ఉంటుందంటే, మనమున్న అక్షాంశం ఎంతో అంత. హైదరాబాద్‌లో సుమారు 17 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి పడితే పది డిగ్రీలు, అంటే రెండు పిడికిళ్లు కూడా లేదు. మీ ఉత్తరం వైపు ఆ కొత్త టవర్ లేచాక ధ్రువుడు మీకు కనబడతాడా? ఇప్పటికి వద్దు.

వచ్చిన రోజే రాత్రి ఆత్రపడకండి. సాయంత్రం వెలుతురు ఉండగా, సూర్యుడు ఉన్న వైపు కాకుండా, దూరంగా ఉన్న సెల్ టవర్ కొసని టెలిస్కోప్‌లో మధ్యకి తెచ్చుకోండి. తలకిందులుగా కనిపిస్తుంది, పాడైందేమోనని టెన్షన్ పడొద్దు, అద్దం టెలిస్కోప్ అలాగే చూపిస్తుంది. ఇప్పుడు గొట్టం పక్కన గురిచూడ్డానికి ఉండే ఫైండర్ స్క్రూలు తిప్పి, దాని ఎర్రచుక్క కూడా అదే కొస మీద పడేలా చేయండి. ఈ పని చెయ్యకుండా రాత్రి ఎక్కితే ఆకాశంలో ఏ ఒక్కటీ దొరకదు. ఎప్పుడూ పెద్ద నంబర్ ఐపీస్‌తోనే మొదలుపెట్టాలి. 25 పెడితే 26 రెట్లు, చాలినంత ఆకాశం కనిపిస్తుంది. వస్తువు దొరికాక 10 వేస్తే 65 రెట్లు. అప్పుడు భూమి తిరగడం మీ కంటికే తెలుస్తుంది: ముట్టుకోకుండా వదిలేస్తే గ్రహం మూడు నిమిషాల్లో ఒక అంచు నుంచి ఇంకో అంచుకి జరిగి బయటికి వెళ్లిపోతుంది. మెల్లిగా తోసుకుంటూ ఉండాలి, చేతికి రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ఇంకొకటి, మేడ స్లాబ్ పగలంతా కాగి ఉంటుంది. ఎనిమిదింటికి ఎక్కితే ఆ వేడిగాలికి గురుడు ఉడుకుతున్నట్టు కనిపిస్తాడు. టెలిస్కోప్‌ని అరగంట ముందే బయట పెట్టి చల్లారనివ్వండి. రాత్రి పెరిగినకొద్దీ బొమ్మ తేరుకుంటుంది.

చంద్రుణ్ణి పౌర్ణమి నాడు చూడకండి. ఎండ నిటారుగా పడి నీడలే ఉండవు, సున్నం కొట్టిన గోడలా చప్పగా ఉంటాడు. నాయనమ్మ క్యాలెండర్‌లో శుద్ధ సప్తమి, అష్టమి ఎప్పుడొచ్చాయో చూసుకుని ఆ సాయంత్రాలు ఎక్కండి. వెలుగుకీ చీకటికీ మధ్య గీత వెంబడి ఒక్కో గుంట అంచూ, దాని నీడా విడివిడిగా కనిపిస్తాయి. కొన్ని చోట్ల గుంట అంతా చీకటే, మధ్యలో ఉన్న కొండ కొస మాత్రం ఎండ తగిలి మెరుస్తుంటుంది. గంట తర్వాత మళ్లీ చూడండి, ఆ మెరుపు కాస్త పెరిగి ఉంటుంది. అక్కడ తెల్లారుతోందన్నమాట.

గురుగ్రహానికి ఒక నోటుబుక్ పెట్టండి. నడుమ గురుడికి సున్నా, అటూ ఇటూ దాని ఉపగ్రహాలకి చుక్కలు, పక్కన తేదీ, టైమ్. 1610 జనవరి 7న గెలీలియో చేసింది ఇదే. మొదటి రాత్రి మూడు చుక్కలే చూశాడు, వారం తిరక్కుండా నాలుగోది దొరికింది. ఆయన గొట్టం 20 రెట్లే చూపేది, మీ 25 ఐపీస్ అంతకన్నా ఎక్కువే. శనిగ్రహం వలయాలు 2025 మార్చిలో మనకి అంచు వైపు తిరిగాయి, కాబట్టి ఇంకా సన్నగానే ఉంటాయి. నిరాశపడొద్దు, ఏటేటా విచ్చుకుంటాయి.

మే నెలలో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా ఉంటుంది. పెళ్లిలో పురోహితుడు మిట్టమధ్యాహ్నం వేలు చూపించి ‘అరుంధతి కనిపించిందా’ అంటే అందరూ కనిపించిందనేస్తారు కదా, మీరు నిజంగా చూడండి. తోకలో మధ్య నక్షత్రం వశిష్ఠుడు, ఆనుకుని చిన్నది అరుంధతి. ఇంతవరకు కళ్లకే కనిపిస్తుంది. టెలిస్కోప్ పెట్టగానే వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు. ఇలాంటి జంట నక్షత్రాలకీ, చంద్రుడికీ, గ్రహాలకీ సిటీ లైట్లు పెద్దగా అడ్డం రావు. నెబ్యులాలకే చీకటి కావాలి. అందుకు సంక్రాంతికి ఇక్కడికి వచ్చేయండి, ఆ రోజుల్లో మృగశిర దగ్గర వేటగాడి బెల్ట్‌లా వరుసగా ఉండే మూడు నక్షత్రాల కింద కనిపించే ఓరియన్ నెబ్యులా చూపిస్తాను.

అన్వితా, నువ్వడిగింది ఫోటోల గురించి. పెట్టె మీది ఎర్ర నెబ్యులా కంటికి ఎప్పటికీ అలా కనిపించదు. బూడిదరంగు పొగలా ఉంటుంది, అది కూడా నేరుగా కాకుండా కాస్త పక్కకి చూస్తేనే బాగా తెలుస్తుంది. కన్ను వెలుగుని దాచుకోలేదు, కెమెరా దాచుకుంటుంది. నిమిషాల తరబడి, గంటల తరబడి. అంతసేపు టెలిస్కోప్ నక్షత్రంతో పాటే తిరగాలి, కాబట్టి ఆస్ట్రోఫోటోగ్రఫీలో డబ్బంతా గొట్టానికి కాదు, మోటారు మౌంట్‌కే పోతుంది. డాబ్సోనియన్‌తో అది కుదరదు. కానీ చంద్రుడు కుదురుతాడు. ఫోన్ బిగించే క్లాంప్ ఒకటి కొని ఐపీస్‌కి పట్టించు, తెర మీద చంద్రుణ్ణి వేలితో నొక్కి వెలుగు తగ్గించు, మూడు సెకన్ల టైమర్ పెట్టి చేతులు తీసెయ్. గ్రహాలకి ఫోటో వద్దు, నిమిషం వీడియో తియ్యి. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందులోంచి నిలకడగా ఉన్న ఫ్రేములు ఏరి ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. సీస్టార్ ఎస్50 లాంటి స్మార్ట్ టెలిస్కోపులు 50 మిల్లీమీటర్ల లెన్స్‌తోనే ఈ పేర్చే పనంతా వాటంతటవే చేసి నెబ్యులా రంగుల్ని ఫోన్లో పెడతాయి. బాగుంటుంది, కాదనను. కాకపోతే అందులో కన్ను పెట్టే చోటే ఉండదు, నాకు అదే నచ్చదు.

అద్దం మీద దుమ్ము పడితే చొక్కాతో తుడవొద్దు. కాస్త దుమ్ము ఏమీ చెయ్యదు, తుడిస్తే గీతలు పడతాయి. తేమ మాత్రం చేస్తుంది. మన కోస్తా గాలికి లెన్స్ లోపల సన్నటి బూజు దారాలు పాకుతాయి. మంచు పట్టిన టెలిస్కోప్‌కి అప్పటికప్పుడు మూత పెట్టకుండా ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

మేడ మీది నుంచి ఏం చేస్తామని అనుకోకండి. 1840లో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడె వెంకట జగ్గారావు గారు తన ఇంట్లోనే అబ్జర్వేటరీ పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని నడిపి, 1874 డిసెంబర్ 9న సూర్యుడి మీదుగా శుక్రుడు దాటడాన్ని ఆరంగుళాల టెలిస్కోప్‌తో చూసి లెక్కలు రాశారు. అంత అద్దం ఇప్పుడు కొట్లో దొరుకుతోంది.

ఇట్లు,
మీ తాతయ్య

తా.క.: మీ కళ్లబడాలని ఇది విడిగా రాస్తున్నాను. సూర్యుడి వైపు టెలిస్కోప్‌గానీ, బైనాక్యులర్‌గానీ, ఫైండర్‌గానీ తిప్పకూడదు. రెప్పపాటులో చూపు పోతుంది. పెట్టెలో ఐపీస్‌కి బిగించే నల్ల గాజుబిళ్ల ‘సన్ ఫిల్టర్’ అని ఉంటే అది వేడికి పగిలిపోతుంది, నాన్నకిచ్చి పారేయించండి. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం మూతికి ముందు పూర్తిగా కప్పే సోలార్ ఫిల్టర్ కావాలి. అది నేను తెస్తాను, అప్పటిదాకా పగలు టెలిస్కోప్ మూత తియ్యొద్దు. టవర్ చూసుకునే ఆ సాయంత్రం ఒక్కటే తియ్యొచ్చు, అదీ నాన్న పక్కనుంటేనే.