బోర్డు మీద 22 పేర్లు, డ్యూటీలో ముగ్గురు: నర్సుల గురించి అపోహలు - వాస్తవాలు

"బోర్డు మీద ఇరవై రెండు పేర్లున్నాయి. మీరేమో ముగ్గురే కనబడుతున్నారు. మిగతావాళ్ళంతా ఎక్కడ పడుకున్నారు సిస్టర్?"

రాత్రి పదకొండున్నరకి ఒక పేషెంట్ తాలూకు అబ్బాయి నన్నడిగిన మాట ఇది. వాళ్ళ నాన్నగారికి సెలైన్ అయిపోయింది. బెల్ కొట్టి ఇరవై నిమిషాలు చూసి, ఇక ఆగలేక వచ్చాడు. అతని కోపంలో తప్పులేదు, లెక్కలోనే ఉంది తప్పంతా. ఇదే లెక్క మీటింగుల్లో పెద్దవాళ్ళ నోటా వింటుంటాను కాబట్టి ఒక్కసారి రాసి పడేస్తున్నాను. ఇకమీదట ఎవరడిగినా ఇదే చూపిస్తా.

అపోహ: పోస్టులన్నీ నిండాయంటే నర్సులు సరిపడా ఉన్నట్టే.

ఆ రాత్రి రోస్టర్ కాగితం వెనక్కి తిప్పి ఆ అబ్బాయికి వేసి చూపించిన లెక్కే ఇక్కడా వేస్తాను. మా వార్డు 36 పడకలు. 22 పేర్లలో ఇన్‌ఛార్జ్‌ని నేను, నాకు రోజూ పగటి డ్యూటీనే. ఇద్దరు మెటర్నిటీ లీవులో ఉన్నారు. ఒకరిని ఆపరేషన్ థియేటర్‌కి పంపారు, పేరు మాత్రం మా బోర్డు మీదే ఉంచారు. ఒకమ్మాయి చేరి పది రోజులైంది, ఒంటరిగా పేషెంట్లని అప్పగించలేం. మిగిలింది 17 మంది. వారానికి ఒక్కొక్కరు 6 షిఫ్టులు చేస్తే 102. పొద్దున ఆరుగురు, సాయంత్రం నలుగురు, రాత్రి ముగ్గురు అనుకుంటే రోజుకి 13, వారానికి 91. చేతిలో మిగిలేవి 11 షిఫ్టులు. అందరి సెలవులూ, జ్వరాలూ, పిల్లల పరీక్షలూ, నైట్ తర్వాత ఇవ్వాల్సిన ఆఫ్‌లూ ఆ 11లోనే సర్దాలి.

ఇప్పుడు ఒకరు మానేస్తే 96. ఇంకొకరు కూడా మానేస్తే 90. అంటే వారం మొదలవక ముందే రోస్టర్‌లో ఒక షిఫ్ట్ ఖాళీ. అప్పుడు మొదలవుతాయి డబుల్ డ్యూటీలు. డబుల్ చేసినవాళ్ళు మూడోవారం జ్వరంతో పడతారు, వాళ్ళ షిఫ్ట్ ఇంకొకరి నెత్తిన పడుతుంది, నెల తిరిగేసరికి మూడో రాజీనామా వస్తుంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ముగ్గురిలో మూడోదాన్ని నేనే. రావాల్సిన అమ్మాయికి 102 జ్వరం.

గుర్తుపెట్టుకోవడానికి ఒక మోటు లెక్క చెప్తాను. వారానికి 168 గంటలు. మంచాల దగ్గర ఇరవైనాలుగ్గంటలూ ఒకే ఒక్క నర్సు ఉండాలంటే, వారానికి 40 గంటలు పనిచేసేవాళ్ళు 4.2 మంది కావాలి. సెలవులు కలిపితే దాదాపు అయిదుగురు. కాబట్టి బోర్డు మీద పేర్లు ఎన్ని ఉన్నా అయిదుతో భాగించండి, మీ బెల్‌కి పలికేది అంతమందే.

పోయినవాళ్ళ స్థానంలో వెంటనే కొత్తవాళ్ళని తీసుకుంటే సరిపోదా? తీసుకోవాల్సిందే, కానీ 22 మళ్ళీ 22 అయినంత మాత్రాన వార్డు కుదుటపడదు. కొత్తమ్మాయికి పని చూపించే సీనియర్‌కి తన పేషెంట్లూ ఉంటారు. పైగా పోయినావిడతో పాటు పోయింది రెండు చేతులు మాత్రమే కాదు. మా దగ్గర ఒక సీనియర్ సిస్టర్ ఉండేవారు. ఒకసారి షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ల సంగతులు అప్పజెప్పే హ్యాండోవర్‌లో నిలబడి, నేను చెప్పేది వింటూనే, పక్క మంచం మీద పెద్దాయన దుప్పటి అంచు పదేపదే లాగుతుండటం చూసి, దగ్గరికెళ్ళి వాచీ పట్టుకుని నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టారు. 30 ఉంది. చార్టులో 18 అని రాసి ఉంది, బీపీ ఇంకా బాగానే ఉంది. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతోందని తేలింది, టైముకి ఐసీయూకి పంపాం. ఆ 18 రాసింది అబద్ధాలకోరేం కాదు. పన్నెండు మందిని చూసుకుంటున్న కొత్తపిల్ల, ఊపిరి లెక్కపెట్టడానికి నిమిషం దొరక్క అంచనాగా వేసింది. ఆ సిస్టర్ మరుసటి ఏడాది మానేశారు.

ఇది నా ఒక్కదాని గోల అనుకోకండి. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రుల మీద జరిగిన అధ్యయనంలో, నర్సుకి ఒక్క పేషెంట్ అదనంగా పడితే ఆపరేషన్ అయినవాళ్ళు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. 2014లో 9 యూరప్ దేశాల్లో చూసినా అదే 7 శాతం వచ్చింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"జీతం ఎక్కువిస్తే ఎవరూ మానరు." జీతం ముఖ్యమే, కాదనేవాళ్ళని నమ్మొద్దు. కానీ రాజీనామా కాగితం మీద అందరూ రాసే "వ్యక్తిగత కారణాలు" అన్న ముక్కని కూడా నమ్మొద్దు. ఒకమ్మాయి ఫైలు తిరగేస్తే ఆ కాగితం కింద మూడు లీవ్ అప్లికేషన్లున్నాయి, మూడూ తిరస్కరించినవే, కింద సంతకం నాది. ఆ నెల రోస్టర్ మైనస్‌లో ఉంది, ఏం చెయ్యను?

"అసలు నర్సులే దొరకట్లేదు." కొరత నిజమే. 2018 నాటికి ప్రపంచంలో 2 కోట్ల 79 లక్షల మంది నర్సులుంటే, ఇంకా 59 లక్షల మంది తక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కానీ చదివి, రిజిస్టరై, ఇంట్లో కూర్చున్నవాళ్ళ సంగతి ఎవరూ అడగరే?

"పన్నెండు గంటల డ్యూటీ అయితే ఆఫ్‌లు ఎక్కువొస్తాయి." వస్తాయి. పన్నెండున్నర గంటలు దాటిన షిఫ్టుల్లో పొరపాట్లు జరిగే అవకాశం మూడు రెట్లని 2004లో ఒక అధ్యయనం చెప్పింది. పన్నెండు గంటల డ్యూటీ హ్యాండోవర్‌తో కలిసి పదమూడు కాకుండా ఎప్పుడైనా ముగిసిందా?

"నర్సుకి ఇంతమందే అని చట్టం పెడితే ఆస్పత్రులు మూసుకోవాల్సిందే." కాలిఫోర్నియాలో 2004 నుంచి అమల్లో ఉంది, మూసుకోలేదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ 2016లో పగలు నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు అని పెట్టింది. తర్వాత లెక్కలు తీస్తే మరణాలు తగ్గాయి, డిశ్చార్జ్ అయినవాళ్ళు తిరిగి చేరడం తగ్గింది, అదనపు నర్సులకైన ఖర్చుకి రెట్టింపు ఆదా అయింది. రాత్రి ఏడుగురట! మాకు పన్నెండు.

"డ్యూటీలో ఏడ్చే పిల్ల ఈ వృత్తికి పనికిరాదు." ఈ మాట అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. లినెన్ గదిలో తలుపేసుకుని నేనూ ఏడ్చాను, మొదటి ఏడాది, ఒకసారి కాదు. పన్నెండు మందిని ఇచ్చి ఆరుగురి పనే అయిందేమని అడిగితే ఎవరికైనా ఏడుపొస్తుంది. అది నీ చేతకానితనం కాదమ్మా.

అయితే ఊరికే కూర్చోకు. పేషెంట్లు ఎక్కువయ్యారని ఇన్‌ఛార్జ్‌కి ఆ షిఫ్టులోనే చెప్పు, చెప్పి రాసిపెట్టు: ఎంతమంది ఉన్నారు, ఏ పని మిగిలిపోయింది, ఎన్ని గంటలకి ఎవరికి చెప్పావు. నోటిమాట తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండదు. మా వాళ్ళు రాసిచ్చిన అలాంటి కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి పోయిన నెల మీటింగ్‌కి పట్టుకెళ్ళాను. రెండు పోస్టులు అడిగితే ఒకటి ఇచ్చారు. ఆ అమ్మాయి ఇంకా ట్రైనింగ్‌లో ఉంది, బోర్డు మీద పేరు మాత్రం అప్పుడే ఎక్కించేశారు.