బస్సులో అల్పపీడనం

బస్సు అలిపిరి దాటి ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కుతోంది. ముందు సీట్లో పిల్లోడు చిప్స్ ప్యాకెట్‌ను అరచేతిలో పెట్టుకుని తేరిపార చూస్తున్నాడు. కింద అంగట్లో కొన్నప్పుడు మెత్తగా ఉన్నది కాస్తా బిర్రుగా ఉబ్బింది.

"మా, ఇది పగిలిపోతాదా?"

"పగల్దులేరా, గమ్మునుండు" అంది వాళ్ళమ్మ. ఆమెకు అప్పటికే చెవులు దిబ్బెళ్ళు పడ్డట్టున్నాయి, మాటిమాటికీ గుటకలు వేస్తోంది.

ప్యాకెట్ ఉబ్బడానికీ చెవులు మూసుకుపోవడానికీ కారణం ఒకటే. బడిలో దాన్ని పీడనం అన్నారు, ఇంట్లో ఒత్తిడి అంటాం. పీడనంలో 'పీడ' కూర్చుని ఉంది, నలపడం, బాధపెట్టడం రెండూ ఆ సంస్కృత ధాతువు అర్థాలే. ఒత్తడం మాత్రం మన వంటింటి పని. మురుకులు ఒత్తుతాం, పూరీలు ఒత్తుతాం. మా అవ్వ కాళ్ళు ఒత్తించుకుంటూ "వేలితో పొడవబాకరా, అరచేత్తో ఒత్తు" అనేది. భౌతికశాస్త్రం చెప్పేదీ అదే. బలం అంతే ఉన్నా, అది పడే జాగా చిన్నదైతే ఒత్తిడి పెరుగుతుంది. (రక్తపోటులో ఉన్నది ఇంకో మాట. అయినా కొండ కింద పుట్టినవాళ్ళకు పోటు అంటే ముందు లడ్డూలు చేసే చోటే గుర్తొస్తుంది.)

మన మీద గాలి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువు మోపుతుంది. తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటే, తిరుమల 850 మీటర్ల పైన ఉంది. ఎక్కేకొద్దీ నెత్తిమీది గాలి తరుగుతుంది, బయటి ఒత్తిడి తగ్గేసరికి ప్యాకెట్ లోపలి గాలి దాన్ని ఉబ్బిస్తుంది. బస్సు దిగేసరికి సుమారు 75 మిల్లీబార్ల (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పీడనం తగ్గి ఉంటుంది. నీళ్ళు కూడా అక్కడ 97 డిగ్రీలకే మరుగుతాయి.

మరి బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే మన జిల్లాలో బడులకు సెలవిస్తారే, అక్కడ తగ్గేదెంత? చుట్టుపక్కల కంటే ఏ కొద్ది మిల్లీబార్లో. బస్సులో మనం దాటిన తేడా ముందు అదొక లెక్కా? అయినా కొండకు లేని గాలివాన దానికెందుకు?

కింది ఎక్కువ ఒత్తిడి పైకి ఎగదన్నే గాలిని దాని బరువే కిందికి లాగి పట్టుకుంటుంది. ఆ రెండూ సరిపోతాయి కాబట్టి గాలి కదలదు. అడ్డంగా పోయే గాలికి ఆ పగ్గం లేదు. అందుకే ఆ కాస్త తేడాకే దూరాన ఉన్న తేమగాలి కూడా అటు మళ్ళుతుంది. నేరుగా కాదు, భూమి తిరుగుడుకు సుడి తిరుగుతూ వస్తుంది, పైకి లేచి చల్లబడి వానవుతుంది.

పిల్లోడి ప్రశ్నకు సరైన జవాబు పాకాల దగ్గర గాదంకిలో ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనశాల పరికరం కట్టి వదిలే బెలూన్ ఈ ప్యాకెట్ లాగే ఎక్కేకొద్దీ ఉబ్బుతుంది. దాని ప్రయాణం ఘాట్ రోడ్డు ఎత్తుతో ఆగదు. 30 కిలోమీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి నేలమీది దానిలో వందో వంతుకు దగ్గర పడుతుంది. అంతవరకూ పీడనం, వేడి, తేమ కిందికి కబురు పెడుతూ పోయి, ఆ చుట్టుపక్కల ఎక్కడో టప్పున పగులుతుంది.