గుర్రం వీర్యంలోని ప్రొటీన్లు: అపోహలు - వాస్తవాలు

వీర్య పరీక్ష చేయించిన గుర్రాల యజమానులు ముందు అడిగేది, "కౌంట్ ఎంత వచ్చింది డాక్టరు గారూ?" అనే. కౌంట్, అంటే శుక్రకణాల సంఖ్య, అవసరమే. కానీ ఆ కణాలు ఈదే ద్రవంలో ఏముందో తెలియకపోతే సగం సంగతి తెలియనట్టే. నాకు తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: కణాలు తప్ప మిగతాదంతా నీళ్లే.

వాస్తవం: ఆ ద్రవంలో చాలా ప్రొటీన్లు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం హెచ్‌ఎస్‌పీ-1, హెచ్‌ఎస్‌పీ-2 అనేవి. ఇవి శుక్రకణం పైపొరకు అంటుకుంటాయి. నాకు అన్నిటికన్నా అద్భుతంగా అనిపించేది క్రిస్ప్-3 అనే ఇంకో ప్రొటీన్. గుర్రాల్లో వీర్యం నేరుగా గర్భాశయంలోకే చేరుతుంది. కొన్ని గంటల్లోనే అక్కడికి తెల్ల రక్తకణాలు పోగై, శుక్రకణాలను పట్టుకోవడం మొదలుపెడతాయి. బతికున్న కణాలు వాటికి చిక్కకుండా క్రిస్ప్-3 అడ్డుపడుతుంది. చచ్చినవాటికి ఆ కాపుదల ఉండదు. అంటే గర్భాశయం శుభ్రపడుతూనే, పనికొచ్చే కణాలు మిగులుతాయి.

అపోహ: దాణాలో ప్రొటీన్ పెంచితే వీర్యంలోనూ పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు. వీటిని తయారుచేసే గ్రంథులు టెస్టోస్టెరాన్ అదుపులో పనిచేస్తాయి.

అపోహ: ద్రవం అంత మేలు చేస్తే, కృత్రిమ గర్భధారణకు వీర్యం నిల్వచేసే సీసాలోనూ అలాగే ఉంచాలి.

వాస్తవం: ఆడ గుర్రం లోపల మేలు చేసే ద్రవమే, 5 డిగ్రీల చల్లదనంలో ఒక రోజు నిల్వ ఉంచితే కణాలకు హాని చేస్తుంది. అందుకే వెన్న తీసిన పాలతో చేసిన ఎక్స్‌టెండర్ (వీర్యాన్ని పలుచన చేసి కాపాడే ద్రావణం) కలిపి, ద్రవం వాటాను 5 నుంచి 20 శాతానికి తగ్గిస్తాం. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ కూడా కణాలను కాపాడుతుంది. థరోబ్రెడ్ రేసు గుర్రాలకు ఈ ప్రశ్నే రాదు, వాటికి సహజంగా దాటించడమే నియమం.

అపోహ: కౌంట్ సున్నా అంటే గుర్రం ఇక పనికిరాదు.

వాస్తవం: ఈ మాట నమ్మి మంచి గుర్రానికి విత్తులు కొట్టించకండి. ముందు అదే ద్రవంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ చూడాలి. అది కూడా ప్రొటీనే. ఎక్కువగా వృషణాలు, వాటిని ఆనుకుని శుక్రకణాలు నిల్వ ఉండే గొట్టమైన ఎపిడిడిమిస్ నుంచి వస్తుంది. లీటరుకు 1000 యూనిట్లు దాటితే అక్కడి ద్రవం బయటికి వస్తోంది, కణాలే తయారవడం లేదు. 100 లోపు ఉంటే స్ఖలనం పూర్తి కాలేదు, లేదా వీర్యనాళం చివర ఉండే ఆంపుల్లా రెండువైపులా మూసుకుపోయింది. అలాంటప్పుడు పురీషనాళం గుండా మర్దన చేసి, ఆక్సిటోసిన్ ఇచ్చి, మళ్లీ మళ్లీ వీర్యం తీస్తాం. అడ్డు తొలగాక మొదట తలలు ఊడిన కణాలు కుప్పలుగా వస్తాయి. అప్పుడు కంగారు పడకుండా ఇంకొన్నిసార్లు తీయించండి, మంచి కణాలు ఆ తర్వాతే కనిపిస్తాయి.