రాణి పేరు, రాజావారి లక్ష

చెన్నైలో చేపాక్ దగ్గరున్న కస్తూర్బా గాంధీ ప్రభుత్వ ఆస్పత్రిని పాత తరం వాళ్లు ఇప్పటికీ గోషా ఆస్పత్రి అనే అంటారు. పరాయి మగవాడు చేయి పట్టుకుని నాడి చూడడానికి ఒప్పుకోని ఇళ్ల ఆడవాళ్ల కోసం, ఆడ డాక్టర్లే చూసేలా 1885లో మొదలైన ఆస్పత్రి ఇది. దీనికి మూలపురుషురాలు మేరీ షార్లీబ్. 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరిన మొదటి నలుగురు విద్యార్థినుల్లో ఆమె ఒకరు. లండన్‌లో పై చదువు ముగించుకుని మద్రాసుకు తిరిగి వచ్చే ముందు విక్టోరియా రాణిని కలిసి, పురిటి వేళ ఇక్కడి స్త్రీలు పడే అవస్థలను వివరించారు. ఆస్పత్రికి తన పేరు పెట్టుకోవడానికి రాణి ఒప్పుకున్నారు. సొంత భవనం కట్టుకోవడానికి లక్ష రూపాయలు ఇచ్చింది మాత్రం నెల్లూరు సీమకు చెందిన వెంకటగిరి రాజా.

పేరు లండన్ నుంచి, సొమ్ము వెంకటగిరి నుంచి. రాజకుటుంబాల సేవ గురించి ఇవాళ మనం మాట్లాడుకునే మాటల్లో సగం ఈ పంపకంలోనే ఉన్నాయి. బ్రిటన్‌లో యువరాజు హ్యారీ, మేఘన్ దంపతులు 2020లో రాచ విధుల నుంచి తప్పుకున్నప్పుడు చెన్నైలోని తెలుగు ఇళ్లలో కూడా దాని మీద తీర్పులు వెలువడ్డాయి. ఆ ఇళ్లలోనే విజయనగరం రాజుల మాన్సాస్ ట్రస్టు అధ్యక్ష పదవి గొడవ మీద అంతకంటే ఘాటైన తీర్పులు వెలువడ్డాయి. రెండింటి వెనుకా ఉన్నది ఒకే నమ్మకం: రాజుల ఇంట పుట్టినవాళ్లు జనానికి ఏదో బాకీ ఉన్నారు. ఆ బాకీ ఎప్పుడు, ఎలా పుట్టిందన్నదే అసలు కథ.

మన వైపు రాజు చేసే దానాన్ని ఎవరూ ఐచ్ఛికం అనుకోలేదు. చెరువు, సత్రం, చలివేంద్రం, అగ్రహారం, గుడికి పడితరం, అంటే నిత్య పూజలకు కావలసిన సరుకులు. పాలన అంటే సామాన్యుడి కంటికి ఆనేవి ఇవే. అయితే దానం జరిగే పద్ధతిని కాస్త దగ్గర నుంచి చూడాలి. సత్రానికి మాన్యం రాసిచ్చారంటే రాజు తన పెట్టెలో నుంచి రూకలు తీసి ఇచ్చినట్టు కాదు. ఆ పొలం మీద తనకు రావలసిన శిస్తును వదులుకున్నట్టు. పండించేది రైతే, కొలిచేది రైతే. ఆ గింజలు దివాణానికి బదులు సత్రం గాదెలోకి వెళ్లేవి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్న సామెత ఊరికే పుట్టలేదు.

1802లో ఈస్టిండియా కంపెనీ శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చింది. అప్పటిదాకా సైన్యాలు, కోటలు, తీర్పులు చెప్పే అధికారం ఉన్న సంస్థానాధీశులు జమీందార్లయ్యారు. సర్కారుకు ఏటా కట్టవలసిన పేష్కష్‌ను ఎప్పటికీ మారకుండా ఖరారు చేశారు. రైతుల నుంచి వసూలయ్యేది మాత్రం కాలంతో పాటు పెరుగుతూ పోయింది. ఈ రెండింటి మధ్య మిగిలిన తేడాయే పందొమ్మిదో శతాబ్దపు రాజావారి వైభవం. యుద్ధం చేయడానికి లేదు, శిక్ష వేయడానికి లేదు. రాజునని చూపించుకోవడానికి చేతిలో మిగిలింది ఇవ్వడమొక్కటే.

విచిత్రమేమిటంటే ఇంగ్లండ్ రాజుకు కూడా ఇంచుమించు ఇదే జరిగింది, అదీ మనకంటే నలభై ఏళ్ల ముందు. 1760లో మూడో జార్జి రాజు వంశపారంపర్య భూముల ఆదాయాన్ని పార్లమెంటుకు వదిలేసి, బదులుగా ఏటా ఇంత అని భత్యం తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. అధికారం మంత్రుల చేతికి జారేకొద్దీ రాజకుటుంబం ఆస్పత్రులకు, అనాథాశ్రమాలకు, విద్యాసంస్థలకు పోషకులుగా నిలవడం మొదలుపెట్టింది. అక్కడ పోషకులంటే పెద్దగా డబ్బు ఇచ్చేవారని అర్థం కాదు. వారి పేరు పైన ఉంటే మిగతావాళ్లు ఇస్తారు. విక్టోరియా కాలానికి ఈ పద్ధతి బాగా కుదురుకుంది. వైస్రాయి భార్యగా భారతదేశానికి బయలుదేరుతున్న లేడీ డఫరిన్‌తో, అక్కడి స్త్రీల వైద్యం సంగతి చూడమని రాణి స్వయంగా చెప్పారు. ఆ మాట మీద 1885లో డఫరిన్ నిధి ఏర్పడింది. దానికి చందాలు వేసినవాళ్లలో మన రాజులు, జమీందార్లు ముందు వరసలో ఉన్నారు.

ఈ రెండు పద్ధతులూ మద్రాసులో కలిశాయి. విజయనగరం మహారాజా ఆనంద గజపతి రాజు 1883లో విక్టోరియా పబ్లిక్ హాలుకు శంకుస్థాపన చేశారు. సెంట్రల్ స్టేషను పక్కన ఎర్ర ఇటుకలతో కనిపించే ఆ భవనం సంస్థానాధీశుల, నగర ప్రముఖుల చందాలతో లేచింది. పేరు మాత్రం రాణిగారి స్వర్ణోత్సవానికి గుర్తుగా పెట్టారు. ఈయన సొమ్ముతోనే మాక్స్ ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణ కూడా వెలువడింది. ఈయనకు ముందున్న విజయనగరం మహారాజా ఏకంగా లండన్ వాసుల దాహం తీర్చాడు. హైడ్ పార్కు అంచున మార్బుల్ ఆర్చ్ దగ్గర 1867లో ఆయన ఖర్చుతో గోపురం లాంటి మంచినీళ్ల ఫౌంటెన్ కట్టారు. దాదాపు వందేళ్లు అది అక్కడే ఉంది. అంతకు ముందు ఏడాదే, అంటే 1866లో, విజయనగరానికి పొరుగునే ఉన్న గంజాంలో జనం కరువుతో మాడిపోయారు. విజయనగరం వారి దానగుణాన్ని నేను తక్కువ చేయడం లేదు, వారు తమ సీమలో చేసినదీ చాలానే ఉంది. కానీ లండన్ చలివేంద్రం ఎవరి కళ్లలో పడడానికి కట్టించారో వేరే చెప్పనక్కర్లేదు. బిరుదులు అటు నుంచే వచ్చేవి.

ఆ తరువాత పదేళ్లకు ధాత నామ సంవత్సరంలో ధాత కరువు వచ్చింది. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించే నాటికి మద్రాసు ప్రెసిడెన్సీలో పల్లెలకు పల్లెలు ఖాళీ అవుతున్నాయి. వైస్రాయి పంపగా ఖర్చు తగ్గించాలని వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్ది పైసలు చాలన్నాడు. మద్రాసు పెద్దలు ఆగస్టులో సభ పెట్టి లండన్‌కు విజ్ఞప్తి పంపితే అక్కడి మేయరు నిధి సేకరించాడు. మద్రాసు మధ్యలో ఇవాళ మురికి కాలువగా మిగిలిన బకింగ్‌హాం కాలువలో కొంత భాగాన్ని తవ్వింది ఆ కరువు కూలీలే. జనం ప్రాణాలు నిలపడం ఏలినవారి బాధ్యత అనుకోవాలా, దయ అనుకోవాలా? దయ అన్నంత కాలం దాతకు పొగడ్తలు దక్కుతాయి. బాధ్యత అంటే లెక్క చెప్పవలసి వస్తుంది. ఆనాటి పాలకులు ఏది ఎంచుకున్నారో ఆ పౌను ధాన్యమే చెబుతుంది.

లెక్క చెప్పాలన్న మాటను మద్రాసులో చట్టంగా మార్చింది మరో తెలుగు రాజావారే కావడం విశేషం. కాళహస్తిలో పుట్టిన పానగంటి రామరాయణింగారు, అంటే పానగల్ రాజా, 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా, అంటే ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్నారు. గుళ్ల ఆస్తులు, ధర్మాదాయాలు ఎటు పోతున్నాయో చూడడానికి బోర్డు పెట్టే చట్టం 1925లో ఆయన హయాంలోనే వచ్చింది. ధర్మకర్తలు గగ్గోలు పెట్టారు. టి.నగర్‌లో పట్టుచీరల కోసం పానగల్ పార్కు చుట్టూ తిరిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! పిఠాపురం మహారాజా సూర్యారావు గారిది ఇంకో దారి. 1911లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు నిఘంటువు పని తలకెత్తుకుంటే ఆయన ఖర్చు భరించారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం వచ్చేసరికి 1936 అయింది. అంత కాలం విసుగు లేకుండా డబ్బు పంపిన పోషకుడు అరుదు.

ఇంతలో అసలు సొమ్ము ఎవరిదన్న ప్రశ్న శాసనసభకు చేరింది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన కమిటీ 1938లో నేల మీద హక్కు రైతుదేనని తేల్చింది. జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చింది. జమీందార్లకు నష్టపరిహారం అందింది. పేష్కష్ పోయింది, పేష్కష్‌కు పైన మిగిలేదీ పోయింది. ఎస్టేటు ఆదాయం మీద బతికిన గుళ్లకు, ధర్మసంస్థలకు పోయిన ఆదాయానికి బదులుగా సర్కారు ఏటా తస్దీకు అనే భత్యం ఇవ్వసాగింది. ధరలు ఎక్కడికో పోయాయి. ఆనాటి లెక్కల మీద కట్టిన తస్దీకుతో నిత్య దీపానికి నూనె కూడా రాదని అర్చకులు వాపోతుంటారు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. రాజభరణాలు అందుకున్నది మైసూరు, హైదరాబాదు లాంటి సంస్థానాలను ఏలినవారు. మైసూరు మహారాజాకు ఏటా 26 లక్షల రూపాయలు వచ్చేవి. వాటిని 1971లో 26వ రాజ్యాంగ సవరణ రద్దు చేసింది. వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురం లాంటి జమీందారీలకు ఆ భరణాలు ఏనాడూ లేవు. వారి కథ 1948 చట్టంతోనే ముగిసింది. చెన్నై మొత్తానికి మినహాయింపు రాయపేటలోని అమీర్ మహల్ ఒక్కటే. ఆర్కాటు యువరాజు అన్న బిరుదు, దానితో వచ్చే పింఛను విక్టోరియా ఇచ్చిన పత్రం మీద ఈనాటికీ నడుస్తున్నాయి.

బ్రిటన్‌లో ఆ పాత ఒప్పందం ఇంకా బతికే ఉంది. ప్రభుత్వం ఏటా గ్రాంటు ఇస్తుంది. జనం రాజకుటుంబం నుంచి సేవను, దర్శనాన్ని ఆశిస్తారు. 2022లో కన్నుమూసిన రెండో ఎలిజబెత్ రాణి 600కు పైగా సంస్థలకు పోషకురాలిగా ఉండేవారు. హ్యారీ దంపతులు ఇక తిరిగి రారని తేలాక 2021 ఫిబ్రవరిలో వారి గౌరవ పదవులను వెనక్కి తీసుకోవడం ఈ లెక్క ప్రకారమే. అయితే ఆ పోషణ వల్ల సంస్థలకు ఎంత మేలు జరుగుతోందని 2020లో బ్రిటన్‌లోనే ఒక అధ్యయనం చేస్తే, అలాంటి సంస్థల్లో నూటికి 74 చోట్లకు ముందు ఏడాదిలో రాచ పోషకులు ఒక్క బహిరంగ కార్యక్రమానికైనా వెళ్లలేదని, చందాలు పెరిగిన దాఖలా కూడా లేదని తేలింది.

మన దగ్గర ఒప్పందం రద్దయింది, ఆశ మాత్రం నిలిచింది. జమీందారీ వారసుణ్ణి చూడగానే గుడి ఉత్సవానికి, బడి వార్షికోత్సవానికి రాజావారు ఎంత రాస్తారని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాయకపోతే తాతగారి పేరు చెడగొట్టాడంటారు. శిస్తు పోయి డెబ్బయ్యేళ్లు దాటాక కూడా ఆ వారసుణ్ణి అలా అడగడం నాకు అన్యాయంగానే తోస్తుంది. దాతను కాక ఆస్తిని నమ్ముకున్న ధర్మాలు నిలకడగా ఉన్నాయి. జార్జిటౌన్‌లోని కన్యకా పరమేశ్వరి దేవస్థానాన్ని ఆర్యవైశ్యులు నడుపుతారు. కొత్వాల్ చావిడి స్థలం దానిదే. కూరగాయల బజారు 1996లో కోయంబేడుకు తరలిపోయినా దేవస్థానం విద్యాసంస్థలు ఆగలేదు. అక్కడ ఏ వంశాంకురం వైపూ ఎవరూ చూడనక్కర్లేదు.

విజయనగరం వారు కూడా ఈ దారి పట్టారు. పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను, భూములను విద్యకు అప్పగించారు. అయితే అధ్యక్ష పదవిని వంశానికే ఉంచారు. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పి.వి.జి. రాజు మనవరాలు సంచయిత గజపతి రాజును అధ్యక్షురాలిగా నియమించింది. వంశంలో పెద్ద మగవారికే ఆ పదవి దక్కాలన్న నియమం ఉందంటూ పి.వి.జి. రాజు కొడుకు అశోక్ గజపతి రాజు కోర్టుకెక్కారు. 2021 జూన్‌లో హైకోర్టు ఆ నియామకాన్ని కొట్టివేసింది. మగపిల్లలకే ముందు వరస అన్న నియమాన్ని బ్రిటన్ తన సింహాసనం విషయంలో 2013 చట్టంతో తీసేసింది.