కాన్పు దగ్గర శిక్షణ పొందిన చెయ్యి: మిడ్‌వైఫ్‌ల వెనుక ఉన్న చరిత్ర

స్వీడన్ వైద్యాధికారులు 1751లోనే ఒక లెక్క తేల్చారు. కాన్పులో చనిపోయిన 651 మంది తల్లుల్లో కనీసం 400 మంది, సరిపడా మిడ్‌వైఫ్‌లు (కాన్పు చేయడంలో శిక్షణ పొందినవాళ్లు) ఉండివుంటే బతికేవారని. అప్పటికి రోగాలకు సూక్ష్మక్రిములే కారణమని ఎవరికీ తెలియదు. రక్తం ఎక్కించడం లేదు, ప్రాణాపాయం లేని సిజేరియన్ లేదు. అయినా లోపం ఎక్కడుందో వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ దేశం పల్లెలకు కూడా శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను పంపుతూ వచ్చింది. బిడ్డ బయటికి రాక ఇరుక్కుపోయినప్పుడు ఫోర్సెప్స్ (బిడ్డ తలను పట్టి లాగే పటకారు) వాడే అధికారం 1829లో వాళ్లకు ఇచ్చింది. 1880ల్లో క్రిమినాశక పద్ధతులు నేర్పింది. లక్ష కాన్పులకు 900 దాకా ఉన్న తల్లుల మరణాలు 1900 నాటికి దాదాపు నాలుగోవంతుకు దిగాయి.

పద్దెనిమిదో శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో ఆంజెలిక్ దు కుద్రే అనే మిడ్‌వైఫ్ ఊరూరా తిరిగి పాఠాలు చెప్పింది. 1759లో రాజు పదిహేనో లూయీ ఆమెకు అనుమతిపత్రం ఇచ్చాడు. ఆమె వెంట గుడ్డతో, తోలుతో అసలు సైజులో కుట్టిన ఆడమనిషి నడుము బొమ్మ, దానిలో ఇమిడే బిడ్డ బొమ్మ, బొడ్డుతాడు ఉండేవి. చదువురాని పల్లె ఆడవాళ్లు ఆ బొమ్మలో చెయ్యి పెట్టి, బిడ్డ ఎదురుకాళ్లతో వస్తే ఎలా తిప్పాలో మళ్లీమళ్లీ సాధన చేసేవారు. కాన్పు విద్యను ప్రాణం మీదికి తేకుండా నేర్పే మార్గం అది. నేటి శిక్షణ కేంద్రాల్లో బొమ్మల మీద చేయించే సాధన కూడా అదే.

వియన్నా ఆసుపత్రి కథ చాలామందికి తెలుసు, కానీ సగమే. 1840ల్లో అక్కడ వైద్య విద్యార్థుల వార్డులో సుమారు 10 శాతం బాలింతలు సూతికా జ్వరంతో (కాన్పు సమయంలో సోకే ఇన్‌ఫెక్షన్) చనిపోతుంటే, మిడ్‌వైఫ్‌ల వార్డులో అది 4 శాతం. మిడ్‌వైఫ్‌లు శవపరీక్షలు చేసేవారు కాదు, విద్యార్థులు చేసి నేరుగా కాన్పులకు వచ్చేవారు. 1847లో అక్కడి వైద్యుడు సెమ్మెల్వైస్ క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాక ఆ తేడా దాదాపు పోయింది. ఆసుపత్రి గోడలు ఒక్కటే తల్లిని కాపాడవని అప్పుడే రుజువైంది.

ఇంగ్లండ్ 1902లో చట్టం చేసి మిడ్‌వైఫ్‌లకు రిజిస్ట్రేషన్ పెట్టింది. అమెరికా మాత్రం వాళ్లను పక్కకు నెట్టి కాన్పులను ఆసుపత్రులకు మళ్లించింది. అయినా యాంటీబయాటిక్ మందులు వచ్చేదాకా అక్కడ తల్లుల మరణాలు పెద్దగా తగ్గలేదు.

1970ల నుంచి పేద దేశాల్లో మరో దారి పట్టారు. ఊరి మంత్రసానులకు కొద్ది రోజుల శిక్షణ, ఒక కిట్ ఇచ్చి పంపారు. వాళ్ల నేర్పును తక్కువ చేయలేం. కానీ రక్తస్రావం ఆపే మందు, మూర్ఛలు వస్తే ఇచ్చే ఇంజెక్షన్, ఆసుపత్రికి చేర్చే వాహనం లేకుండా ఎవరైనా ఏం చేయగలరు? తల్లుల మరణాలు అనుకున్నట్టు తగ్గకపోవడంతో, 1990ల చివర్లో అంతర్జాతీయ సంస్థలు పూర్తి నైపుణ్యం ఉన్నవారే కాన్పు చేయాలన్న విధానానికి మారాయి. శ్రీలంక, మలేసియా అంతకుముందే ఆ దారిలో నడిచాయి. ఊళ్లో ప్రభుత్వ మిడ్‌వైఫ్, ఆమె వెనుక ఆసుపత్రి. దశాబ్దాలపాటు 6 నుంచి 12 ఏళ్లకోసారి అక్కడ మరణాలు సగమవుతూ వచ్చాయి.

ఆ నైపుణ్యం ఏమిటో కాన్పయిన మొదటి గంటలో తెలుస్తుంది. బిడ్డ బయటికొచ్చిన నిమిషంలోపు తల్లికి గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్, 10 యూనిట్లు. మాయ పడ్డాక పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గర్భసంచి బంతిలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉంటే రక్తం పోతున్నట్టే, వెంటనే మర్దన మొదలుపెట్టాలి. పోయిన రక్తాన్ని కంటితో చూసి అంచనా వేస్తే తరచూ తక్కువే అనిపిస్తుంది. అందుకే గీతలున్న ప్లాస్టిక్ సంచిలో పట్టి కొలుస్తారు. నాలుగు ఆఫ్రికా దేశాల్లో 2 లక్షల మందికి పైగా తల్లులపై జరిగిన ఈమోటివ్ పరిశోధనలో, ఇలా కొలిచి చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టడంతో తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ప్రమాదాలు 60 శాతం తగ్గాయి. ఫలితాలు 2023లో వచ్చాయి.

అదే 2023లో ప్రపంచంలో సుమారు 2.6 లక్షల మంది తల్లులు గర్భం, కాన్పు కారణాలతో చనిపోయారు. 9 లక్షల మంది మిడ్‌వైఫ్‌ల కొరత ఉందని 2021 నాటి ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది. నేరుగా ఈ చదువులో చేరేవారికి కనీసం 3 ఏళ్లు, నర్సింగ్ చదివినవారికి 18 నెలలు శిక్షణ ఉండాలన్నది అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య ప్రమాణం. చాలాచోట్ల ఇంత శిక్షణ లేదు. ఉన్నచోట కూడా, కాన్పుల్లో చెయ్యి తిరిగిన మనిషిని కొన్ని నెలలకే వేరే వార్డుకు మారుస్తున్నారు. ముందు ఆపాల్సింది ఆ బదిలీలనే.