ఎడారి శిబిరాలను నడిపిన ఆడవాళ్లు

పిల్లలూ,

అల్జీరియాలో టిండూఫ్ ఊరి దగ్గర, వేసవిలో ఎండ 50 డిగ్రీలను తాకే రాతి ఎడారిలో, సహ్రావీలు 1975 చివరి నుంచీ శరణార్థులుగా బతుకుతున్నారు. వాళ్ల దేశం పశ్చిమ సహారా. దాన్ని పాలిస్తున్న స్పెయిన్ వదిలి వెళ్తుండగానే మొరాకో, మారిటానియా సైన్యాలు చొరబడ్డాయి. మగవాళ్లు స్వాతంత్ర్యం కోసం పోరాడే పోలిసారియో అనే సంస్థ తరఫున యుద్ధానికి వెళ్లారు. శిబిరాలను నిలబెట్టిందీ, నడిపిందీ చాలావరకు ఆడవాళ్లే.

ఒక్కో శిబిరం ఒక విలాయా, అంటే జిల్లా. ఎల్ అయూన్, స్మారా, దఖ్లా అని పోగొట్టుకున్న ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు. విలాయాలో దాయిరాలు, దాయిరాలో పేటలు. పెద్దవాళ్లు ఐదు కమిటీల్లో ఏదో ఒకదానిలో పనిచేయాల్సి ఉండేది: ఆరోగ్యం, చదువు, సరుకులు, తగువుల పరిష్కారం, చేతిపనులు. జీతం ఉండేది కాదు. సాయం అందుకునే మనిషే పని కూడా చేసేది కాబట్టి ఎవరూ ఎవరి దయమీదా బతకలేదు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

సరుకుల పంపిణీ తేలికని అనుకోకండి. కొన్ని ఇళ్లకు కలిపి ఒకామె బాధ్యురాలు. మనిషికి పిండి 8 కిలోలు వచ్చిందనుకోండి. ఆరుగురున్న ఇంటికి 48. తూచకుండా 25 కిలోల బస్తాలు రెండు ఇచ్చేస్తే 2 కిలోలు ఎక్కువ పోతాయి, చివరి ఇంటికి ఆ మేరకు తరుగు పడుతుంది. అందుకే బస్తా విప్పి, అందరూ చూస్తుండగా కొలవాలి. జాబితా పాతబడితే ఇంకా చిక్కు: నెలల పసిబిడ్డ పేరు ఎక్కదు, పెళ్లై వేరే దాయిరాకు వెళ్లినామె పేరు రెండు చోట్లా ఉంటుంది. ఎవరింట్లో పురుడు, ఎవరింట్లో చావు అన్నది తెలిసిన ఇరుగుపొరుగు మనిషి చేతిలోనే ఆ జాబితా ఉండాలి.

చదువు సంగతీ అంతే. 'ఫిబ్రవరి 27' పేరుతో ఆడవాళ్లకు బడి పెట్టినప్పుడు పక్కనే పసిపిల్లల్ని చూసుకునే చోటూ పెట్టారు. అది లేకపోతే తల్లులు రాలేరు. ఆ బడి చుట్టూ పెరిగినదే నేటి బూజ్‌దూర్ శిబిరం.

1991లో కాల్పుల విరమణ కుదిరాక మగవాళ్లు తిరిగొచ్చారు. ఒకప్పుడు స్పెయిన్ కొలువులో పనిచేసిన కొందరికి ఆ దేశపు పింఛన్లు వచ్చాయి, అంగళ్లు వెలిశాయి. చేతిలో డబ్బు ఆడేవాళ్లూ, ఏమీ లేనివాళ్లూ అని ఇళ్లు విడిపోయాయి. జీతం లేని పనికి మనుషులు తగ్గారు. ఇప్పుడు పంతుళ్లకూ నర్సులకూ చిన్న భత్యం ఇస్తున్నారు. అది ఇంటికి చాలక చాలామంది మానేస్తుంటే, ఆ ఖాళీల్లోకి కొత్తవాళ్లకు మొదటినుంచీ శిక్షణ ఇవ్వాల్సి వస్తోంది.

మీ
పెద్దమ్మ