పాత హాలీవుడ్ కామెడీ: ఎడిటింగ్ టేబుల్ దగ్గర వినే అపోహలు, వాస్తవాలు

ఎడిటింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేను మొదట చూపించే కామెడీ 1937లో వచ్చిన ‘ది ఆఫుల్ ట్రూత్’. ఒకరి మీద ఒకరికి అనుమానం పుట్టి విడాకులకెళ్లిన మొగుడూ పెళ్లాల కథ.

అపోహ: ఆ కాలం కామెడీ అంటే గడగడా డైలాగులే.

వాస్తవం: ఇందులో పెద్ద నవ్వులు మాట లేని చోటే ఉన్నాయి. ఫ్లోరిడా వెళ్లొచ్చానని నమ్మించడానికి మొగుడు కేరీ గ్రాంట్ సన్ ల్యాంప్ కింద పడుకుని ఒళ్లు నల్లబరుచుకుంటాడు, బుట్టెడు కమలాలు కూడా తెస్తాడు. పెళ్లాం ఐరీన్ డన్ ఒక పండు చేతిలోకి తీసుకుంటుంది. దాని మీద ‘కాలిఫోర్నియా’ అని ముద్ర! ఇంకోచోట ఆమె దాచిన పరాయి మగాడి టోపీని ఇంట్లో కుక్క నోట కరుచుకొస్తుంది. మొగుడు పెట్టుకుని చూస్తే తన తలకు మరీ వదులు. దర్శకుడు లియో మెక్‌కేరీ ఒకప్పుడు టోపీలతో తెగ నవ్వించిన లారెల్, హార్డీలను జంటగా కలిపినవాడు. టోపీతో ఎంతసేపు ఆడుకోవాలో ఆయనకు ఒకరు చెప్పాలా? ఇలాంటి చోట రియాక్షన్ షాట్ (జరిగింది చూసి ఎదుటివాళ్ల మొహం ఎలా మారిందో చూపించే షాట్) నాలుగు సెకన్లు ఉంచితే, ‘ల్యాగ్’ అని నా చేత కట్ చేయించిన నిర్మాత ఒకాయన ఉన్నారు. థియేటర్‌లో ఆ సీన్‌కి ఎవరూ నవ్వలేదు.

అపోహ: సెట్లో అప్పటికప్పుడు అల్లుకుంటే కామెడీ దానంతటదే వచ్చేస్తుంది.

వాస్తవం: మెక్‌కేరీ చాలావరకు అలాగే తీశాడు, నిజమే. కానీ గ్రాంట్‌కి పట్టుకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు. సినిమా నుంచి వదిలేయమన్నాడు, ఐరీన్ డన్‌ని పెళ్లాడాలనుకునే రెండో మగాడిగా చేసిన రాల్ఫ్ బెలామీ వేషం తనకిచ్చినా చాలన్నాడు. కథకు ఆధారం 1922 నాటి నాటకం, అప్పటికే రెండుసార్లు సినిమాగా వచ్చింది. ఎముకల గూడు గట్టిది కాబట్టే పైన ఎంత అల్లినా ఆగింది. దర్శకుడికి ఆస్కార్ వచ్చింది. ఎడిటర్ ఆల్ క్లార్క్ నామినేషన్‌తోనే సరిపెట్టుకున్నాడు. మావాళ్లకు మామూలే.

అపోహ: సెన్సార్ వల్ల శృంగారం చప్పబడింది.

వాస్తవం: క్లైమాక్స్ చూడండి. అర్ధరాత్రికి విడాకులు ఖాయం. పక్కపక్క గదులు, మధ్యలో గాలికి తెరుచుకునే తలుపు. గోడ గడియారంలోంచి ఓ బొమ్మ అబ్బాయి, ఓ బొమ్మ అమ్మాయి బయటికొచ్చి ఎవరి గుమ్మంలోకి వాళ్లు వెళ్లిపోతుంటారు. ఆఖరి గంటకి మాత్రం అబ్బాయి ఆమె వెనకాలే ఆమె గుమ్మంలోకి దూరతాడు. కట్.